లోగో దగ్గర ఆగిపోయిన కంప్యూటర్లు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం. ముద్రణ కోసం అక్కడక్కడా సవరించాను.)

 

కార్యవర్గం వారు నాకు మొదట ఇచ్చిన అంశం కృత్రిమ మేధ, రేపటి చదువు. రేపటి సంగతి చెప్పడానికి మనలో చాలామంది ఉన్నారు. నేను నిన్నటి సంగతి చెబుతానని అడిగి మార్పించుకున్నాను. 2024 జూన్‌లో, బడి తెరిచిన వారంలోనే మన కంప్యూటర్ గదిలో 16 కొత్త కంప్యూటర్లు మొరాయించి కూర్చున్నాయి. ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అప్పుడు పడ్డ మెసేజీలు కొన్ని ఇంకా నా ఫోనులో ఉన్నాయి, భయపడకండి, చదవను. అవి చివరికి ఎలా నడిచాయన్నది మాత్రం గ్రూపులో ఎవరూ అడగలేదు. "థాంక్స్" అని 12 మంది బొటనవేలు చూపించి వదిలేశారు. ఆ వివరం ఒకసారి నోటితో చెప్పి, అచ్చులో కూడా ఉంచాలని నా కోరిక. ఎందుకంటే ఇలాంటిది మళ్లీ వస్తుంది. మరో మూడేళ్లకో నాలుగేళ్లకో మనం మళ్లీ కంప్యూటర్లు కొంటాం, మళ్లీ ఇదే జరుగుతుంది.

ముందు కొంచెం నేపథ్యం. మనం ఆ కంప్యూటర్లను ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా కొన్నాం. అలా కొంటే ఒక్కోదాని ధర తగ్గుతుంది, తగ్గిన డబ్బుతో ఇంకో రెండు వస్తాయి. లినక్స్ వేసుకుందామని తీర్మానం చేసింది కూడా ఈ సంఘమే. ఇందులో మనం చేసిన సాహసం ఏమీ లేదు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం కాలక్రమంలో మొత్తం లినక్స్ మీదికే వచ్చింది. ఇప్పుడు అక్కడి సర్కారు బళ్లలో పిల్లలు దాని మీదే నేర్చుకుంటున్నారు. మన సీ-డ్యాక్ వారు డెబియన్ ఆధారంగా బాస్ అనే వ్యవస్థను తయారు చేశారు. మన తెలుగునాట స్వేచ్ఛ సంస్థ వాళ్లు కంప్యూటర్‌ను తెలుగులో మాట్లాడించడానికి ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నారు. మన బడిలోనూ పాత 6 కంప్యూటర్ల మీద ఉబుంటు 22.04 రెండేళ్లుగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది.

ఆ పాత 6 కంప్యూటర్లకు వేసిన పెన్‌డ్రైవ్‌నే మన కంప్యూటర్ టీచరమ్మ కొత్తవాటికీ పెట్టింది. మెనూ వచ్చింది. ఇన్‌స్టాల్ అన్న వరస ఎంచుకుంది. లోగో వచ్చింది. అంతే. పది నిమిషాలైనా లోగోనే. మౌస్ బాణం కూడా లేదు. రెండో కంప్యూటర్, మూడో కంప్యూటర్, అన్నీ అదే తీరు. 16కు 16.

అమ్మిన షాపు అతను వచ్చి చూసి, "ఈ బోర్డుకి లినక్స్ పడదండీ, తలా 500 ఇస్తే విండోస్ వేసి పెడతాను" అన్నాడు. లైసెన్సు కొంటాడా అంటే నవ్వాడట. గ్రూపులో మనవాళ్లు మూడు పక్షాలైపోయారు. వాపసు ఇచ్చేద్దామని కొందరు. 500 పారేసి ఆ దొంగ కాపీ వేయించేద్దాం, బడిలో ఎవరొచ్చి అడుగుతారని కొందరు. మూడో పక్షం వారు టీచరమ్మ మీద పడ్డారు. ఆ అమ్మాయికి పని రాదు, సంఘం గౌరవ వేతనం ఇచ్చేది ఇందుకేనా, వేరే మనిషిని చూద్దాం అని. ఆవిడ కూడా మన బడి పూర్వ విద్యార్థినే, ఆవిడా ఆ గ్రూపులో ఉంది, ఆ మెసేజీలన్నీ చదివింది. ఆ సంగతి మనవాళ్లకు తట్టినట్టు లేదు.

దొంగ కాపీ గురించి నా అభిప్రాయం అప్పుడే చెప్పాను, ఇప్పుడూ అదే. చట్టం సంగతి ఒకటి. రెండోది, ఆ కాపీలను పగలగొట్టినవాడు లోపల ఇంకేం పెట్టాడో మనకు తెలియదు. అవి వేసిన గదిలో పిల్లలు తమ ఆధార్ నంబర్లు కొట్టి స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెడతారు. పైగా "ఇతరుల వస్తువు అడక్కుండా తీసుకోరాదు" అని గోడ మీద పెద్దక్షరాలతో రాసిన బడి మనది. ఆ గోడకు సున్నం మనమే వేయించాం.

ఇక విషయంలోకి వస్తాను. సాంకేతిక పదాలు కొన్ని తప్పవు. అయినా బోరు మోటారు తెలిసిన వాళ్లకు ఇది తెలియకపోవడం అంటూ ఉండదు.

మన నాన్నలు పొలంలో మోటారు స్విచ్ వేశాక నీళ్లు రాకపోతే ఏం చేసేవారు? వెంటనే మోటారు విప్పేవారు కాదు. కరెంటు మూడు ఫేజులూ ఉన్నాయా అని స్టార్టర్ డబ్బా చూసేవారు. మోటారు తిరుగుతున్న చప్పుడు ఉందా అని వినేవారు. తిరుగుతూ కూడా నీళ్లు రాకపోతే ఫుట్‌వాల్వు పట్టడం లేదని, గొట్టంలో గాలి ఉందని అనుకుని పైనుంచి నీళ్లు పోసేవారు. అంటే నీరు కాలువలో పడేదాకా ఉన్న దారిలో ఎక్కడిదాకా పని జరిగింది, ఎక్కడ ఆగింది అని చూసుకుంటూ వెళ్లేవారు.

కంప్యూటర్ నిద్ర లేచే దారి కూడా అలాంటిదే. మీట నొక్కగానే మొదట లేచేది బోర్డు మీద ఉన్న ఫర్మ్‌వేర్. పాతవాళ్లం బయాస్ అంటాం, ఇప్పటిది యూఈఎఫ్ఐ. అది మెమరీని, కీబోర్డును, తెరను ఒక మోస్తరుగా సిద్ధం చేసి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. మనకు కనిపించే మెనూ అదే. గ్రబ్ రెండు ఫైళ్లను మెమరీలోకి ఎక్కిస్తుంది. ఒకటి కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ. రెండోది కెర్నల్‌కు మొదట్లో కావలసిన సామాను మూట. కెర్నల్ లేచి ఒక్కో పరికరాన్నీ పలకరిస్తుంది. ఒక్కోదానికీ ఒక్కో డ్రైవర్ ఉంటుంది. అవన్నీ కుదిరాక ఇన్‌స్టాలర్ కిటికీ తెర మీదికి వస్తుంది.

మన కంప్యూటర్లలో మెనూ వచ్చింది. కాబట్టి కరెంటు, బోర్డు, ఫర్మ్‌వేర్, గ్రబ్ అన్నీ సరే. పెన్‌డ్రైవ్ కూడా కనీసం అంతవరకు చదవబడుతోంది. కెర్నల్ లేచాక ఎక్కడో ఆగింది. ఎక్కడ?

నేను హైదరాబాద్‌లో ఉన్నాను, కంప్యూటర్లు ఇక్కడున్నాయి. ఆ సాయంత్రం టీచరమ్మ ఫోన్ చేసింది. "సార్, షాపతను మళ్లీ వచ్చాడు, ఏం చెప్పమంటారు" అని. అతన్ని పంపించెయ్యమ్మా అన్నాను. గదిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కొందరు ఇళ్లకు వెళ్లకుండా చుట్టూ మూగి ఉన్నారట. ఫోను స్పీకర్‌లో పెట్టమన్నాను.

తెర కదలనంత మాత్రాన కంప్యూటర్ చచ్చిపోయినట్టు కాదు. తెర ఒక్కటే ఆగిపోయి లోపల పని నడుస్తూ ఉండవచ్చు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడం మొట్టమొదటి పని. నేను అది అడగబోతూ ఉండగానే ఒక పాప గొంతు వినిపించింది. "టీచర్, లోగో ఆగిపోయింది గానీ పెన్‌డ్రైవ్ లైటు ఇంకా కొట్టుకుంటోంది."

తొమ్మిదో తరగతి పాప. ఆ ఒక్క మాటతో సగం పని అయింది. లైటు కొట్టుకుంటోందంటే లోపల ఎవరో పెన్‌డ్రైవ్‌ను చదువుతున్నారు. చదివేవాడు బతికే ఉన్నాడు. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కమన్నాను. లైటు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. ఆ లైటును వెలిగించేది కీబోర్డు కాదు, కెర్నల్. కెర్నల్ పూర్తిగా బిగుసుకుపోతే ఆ మీట ఎన్నిసార్లు నొక్కినా లైటు మారదు. గుండ్రటి పిన్నుతో ఉండే పాత కీబోర్డుల్లో అయితే కెర్నల్ కూలిపోయినప్పుడు లైట్లు వాటంతటవే మిణుకుమంటాయి కూడా. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కమన్నాను. కంప్యూటర్ రీబూట్ అయింది. ఇంకేం, మోటారు తిరుగుతోంది. నీళ్లే పైకి రావడం లేదు.

ఇక్కడ లోగో గురించి ఒక మాట. ఆ లోగో మనల్ని మురిపించడానికి పెట్టిన పరదా. దాని వెనక కెర్నల్ తాను చేసే ప్రతి పనినీ ఒక్కో వరసగా చెబుతూనే ఉంటుంది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఆ వరసలు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి దాచేశారు. తేడా వచ్చినప్పుడు మొదట చేయాల్సింది ఆ పరదా తీసెయ్యడం.

అది ఇలా తీస్తారు. మెనూలో ఇన్‌స్టాల్ వరస మీద ఉండగా ఎంటర్ కొట్టకుండా 'ఇ' అక్షరం నొక్కాలి. కొన్ని వరసలు కనిపిస్తాయి. 'లినక్స్' అని మొదలయ్యే వరస చివర్లో 'క్వైట్', 'స్ప్లాష్' అని రెండు మాటలు, వాటి తర్వాత మూడు అడ్డగీతలు ఉంటాయి. ఆ రెండు మాటలూ చెరిపేసి కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కాలి. ఇక్కడ మనం చేసే మార్పు ఆ ఒక్కసారికే. పెన్‌డ్రైవ్ మీద ఏమీ రాయబడదు, మళ్లీ ఆన్ చేస్తే మొదటికి వస్తుంది. అందుకే పిల్లల చేత కూడా చేయించవచ్చు. టీచరమ్మ చెయ్యి వణుకుతోందని ఫోనులోనే తెలుస్తోంది. ఇదే మాట రెండుసార్లు చెప్పాను.

లోగో పోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జలపాతంలా దొర్లాయి. దొర్లి ఒకచోట ఆగాయి. ఆఖరి వరసను ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది, ఫోటో కూడా పంపింది. "ఎఫ్‌బీ జీరో, స్విచింగ్ టు" అని గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు, ఆ తర్వాత "ఫ్రమ్ ఈఎఫ్ఐ వీజీఏ". ఆ డ్రైవర్ పేరు చెబితే తయారుచేసిన కంపెనీ పేరు చెప్పినట్టు అవుతుంది, ఇక్కడ అది అవసరం లేదు.

అర్థం ఏమిటంటే, అప్పటిదాకా తెరను ఫర్మ్‌వేర్ అప్పగించిన తాత్కాలిక పద్ధతిలో నడుపుతున్నారు. ఇక అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ వచ్చి "నువ్వు తప్పుకో, నేను చూసుకుంటాను" అంది. పాతవాడు తప్పుకున్నాడు. కొత్తవాడికి బండి నడపడం రాలేదు. తెర మీద చివరిసారి గీసిన బొమ్మ అలాగే నిలిచిపోయింది. వెనక కెర్నల్ తన మానాన తాను పని చేసుకుంటూనే ఉంది, చూపించడానికి తెర లేదు. ఆఖరి వరసలో కనిపించే పేరే దోషి అని అన్నిసార్లూ అనుకోకూడదు. చాలాసార్లు ఆ వరస తర్వాత రావలసి ఉండి రానిదే అసలు దోషి. ఇక్కడ మాత్రం "మారుతున్నాను" అని చెప్పి మారలేకపోయింది కాబట్టి సందేహం లేదు.

కొత్తవాడికి ఎందుకు రాలేదు? ఇది వింటే మీకు నవ్వు వస్తుంది. మన పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఉబుంటు 22.04 మొదటి విడత. అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అందులోని కెర్నల్ 5.15, అది 2021 అక్టోబర్ చివర్లో విడుదలైంది. మనం కొన్న ప్రాసెసర్ రకం బజారులోకి వచ్చిందే 2022 చివర్లో. పుట్టని బిడ్డకు కుట్టిన చొక్కా అన్నమాట. డ్రైవర్‌కు ఆ కుటుంబం పోలికలు తెలుసు కాబట్టి "మావాడే" అని చెయ్యి పట్టుకుంది. ఆ గ్రాఫిక్స్ భాగానికి లోపల ఎక్కించాల్సిన చిన్న ఫర్మ్‌వేర్ ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లో లేవు. బొత్తిగా గుర్తుపట్టకపోయి ఉంటే పాత పద్ధతిలోనే తెర నడిచేది. సగం గుర్తుపట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. షాపతను అన్న "ఈ బోర్డుకి లినక్స్ పడదు" అన్న మాటకూ, "ఈ పెన్‌డ్రైవ్ ఈ బోర్డు కంటే పెద్దది" అన్న మాటకూ చాలా దూరం ఉంది.

దీనికి విరుగుడు ఒక్క పదం. నోమోడ్‌సెట్. నో, మోడ్, సెట్, మూడూ ఖాళీ లేకుండా కలిపి రాయాలి. గ్రాఫిక్స్ డ్రైవర్లూ, మీరు తెర జోలికి వెళ్లకండి, ఫర్మ్‌వేర్ ఇచ్చిన తెరతోనే సర్దుకుందాం అని కెర్నల్‌కు చెప్పడం. ఇందాకటి వరసలోనే చివర రాయాలి. మూడు అడ్డగీతల తర్వాత రాస్తే ఇంకో లాభం ఉంది, ఇన్‌స్టాల్ అయ్యాక కంప్యూటర్ మొదటిసారి లేచేటప్పుడు కూడా ఆ మాట గుర్తుంటుంది. అక్కడే రాయించాను. మెనూలో 'సేఫ్ గ్రాఫిక్స్' అని ఇంకో వరస ఉంటుంది, అది చేసే పని కూడా ఇదే. ఏది ఎందుకు పని చేసిందో కళ్లతో చూస్తే బాగుంటుందని చేత్తోనే రాయించాను.

కంట్రోల్, ఎక్స్. వరసలు దొర్లాయి. ఆగాల్సిన చోట ఆగలేదు. ఒక నిమిషం తర్వాత ఫోనులో పెద్ద కేక. పిల్లలు అరిచిన అరుపుకి నా ఇంట్లో మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

గ్రూపులో అక్కడితో కథ ముగిసిందనుకున్నారు. అసలు పని అప్పుడే మొదలైంది. నోమోడ్‌సెట్‌తో తెర వస్తుంది గానీ అక్షరాలు లావుగా, బొమ్మలు మొద్దుగా ఉంటాయి. వీడియో పెడితే ప్రాసెసరే అంతా మోయాలి, ఫ్యాను హోరెత్తుతుంది. కాలు విరిగితే కట్టు కడతారు, జీవితాంతం కట్టుతో తిరగరు. చాలాచోట్ల లినక్స్ నెమ్మది, బొమ్మ బాగోదు అని చెప్పుకునేవాళ్లు ఈ కట్టు విప్పడం మరిచిపోయినవాళ్లే.

కట్టు విప్పాలంటే కొత్త కెర్నల్, కొత్త ఫర్మ్‌వేర్ ఫైళ్లు దింపుకోవాలి. దానికి ఇంటర్నెట్ కావాలి. కొత్త బోర్డు మీద వైఫై చిప్ కూడా కొత్తదే, పాత కెర్నల్‌కు అదీ తెలియదు. ఇలాంటప్పుడు జేబులో ఉన్న ఫోనే దిక్కు. ఛార్జింగ్ తీగతో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, లినక్స్ దాన్ని మామూలు నెట్‌వర్క్ తీగలాగే చూస్తుంది, ఏ డ్రైవరూ అడగదు. టీచరమ్మ తన ఫోన్ డేటాతోనే మొదటి కంప్యూటర్‌ను అప్‌డేట్ చేసింది. 6.5 కెర్నల్ వచ్చింది. తర్వాత గ్రబ్ అమరికల ఫైలులో నోమోడ్‌సెట్ మాట తీసేసి, అప్‌డేట్ గ్రబ్ ఆదేశం ఇచ్చి రీబూట్ చేస్తే, తెర అద్దంలా వచ్చింది. రాత్రి ఎనిమిదిన్నర అయింది. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా గుమ్మంలో నిలబడి చూశారట. ఆ డేటా ఖర్చు ఆవిడ ఇంతవరకు సంఘానికి బిల్లు పెట్టలేదు. కోశాధికారి గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

మిగతా 15కు ఇలాగే చేయాలంటే ఫోన్ డేటా చాలదు. 2024 ఏప్రిల్‌లో ఉబుంటు 24.04 వచ్చింది, అందులో కెర్నల్ 6.8. ఆ కంప్యూటర్ల కంటే చిన్నవాడు. ఆ ఫైలు దాదాపు 6 జీబీ ఉంటుంది, మన బడి నెట్ మీద అది దిగేలోపు దసరా సెలవులు వచ్చేస్తాయి. నేను హైదరాబాద్‌లో దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆర్టీసీ బస్సు పార్సిల్‌లో పంపాను. పంపేముందు ఒక పని చేశాను, అది మీరు కూడా అలవాటు చేసుకోండి. అలాంటి ఫైళ్లు ఇచ్చేవాళ్లు దాంతోపాటు ఎస్‌హెచ్‌ఏ 256 అని ఒక పొడుగాటి సంఖ్య ఇస్తారు. మనం దింపుకున్న ఫైలుకు అదే లెక్క కడితే అదే సంఖ్య రావాలి. ఒక్క బిట్టు తేడా ఉన్నా సంఖ్య మొత్తం మారిపోతుంది. ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగిపోయిందని బాధపడే చాలామంది దగ్గర సగం దిగిన ఫైలో, అరిగిపోయిన పెన్‌డ్రైవో ఉంటుంది.

కొత్త పెన్‌డ్రైవ్‌తో, ఏ మంత్రమూ రాయకుండా, 13 కంప్యూటర్లు మొదటిసారికే ఎక్కాయి. రెండు ఎక్కలేదు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఆ రెండే. రెండూ లోగో దగ్గరే ఆగాయి. చూడ్డానికి అదే జబ్బు. అదే మందు ఇస్తే, ఒకటి నోమోడ్‌సెట్‌తో లేచింది గానీ అది తీసేస్తే మళ్లీ ఆగింది. రెండోది ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ, ఎక్కడ పడితే అక్కడ ఆగింది. టీచరమ్మ అప్పటికి ఒక పాత రికార్డు పుస్తకం తెరిచి, మన సైన్సు మాస్టారు నేర్పిన పద్ధతిలోనే గళ్లు గీసింది. ఏ కంప్యూటర్, ఏం మార్చాం, ఏం కనిపించింది. కంటితో చూడకముందే పరిశీలన గడి నింపితే మాస్టారు పేజీకి అడ్డంగా గీత కొట్టేవారు, ఆ గీత తిన్నవాళ్లు ఈ సభలో చాలామందిమి ఉన్నాం. ఒకసారికి ఒక్కటే మార్పు అన్నది ఆవిడ పెట్టుకున్న నియమం.

ఆ పుస్తకం చూశాకే తేడా తెలిసింది. మొదటిదాని బయాస్ వెర్షన్ మిగతా వాటికంటే పాతది. అదే మోడల్, అదే బిల్లు, కానీ వేరే లాటులో వచ్చిన బోర్డు. తయారీదారు ఇచ్చిన కొత్త బయాస్ ఎక్కించాక దారికొచ్చింది. బయాస్ ఎక్కించేటప్పుడు మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు, అందుకని యూపీఎస్ మీద పెట్టి, మన ఊళ్లో కరెంటు తియ్యని వేళ చూసి చేశారు. రెండోది ఒకేచోట ఆగడం లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ మీద నాకు అనుమానం పోయింది. సాఫ్ట్‌వేర్ తప్పు సాధారణంగా ఒకే చోట తగులుతుంది, ఇష్టమొచ్చిన చోట తగిలేది మెమరీయో, కరెంటు సరఫరాయో, వేడో అయి ఉంటుంది. మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అనే చిన్న ప్రోగ్రాము వేరే పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే, ముప్పావుగంటకు తెర మీద ఎర్ర వరసలు పడ్డాయి. ర్యామ్ బద్ద చెడింది. వారంటీలో మార్చారు. ఆ కంప్యూటర్‌లో దొంగ కాపీ వేయించి ఉంటే అదీ వారానికి రెండుసార్లు నీలి తెర చూపించేది, అప్పుడూ మనం టీచరమ్మనే అనేవాళ్లం.

ఇంకొక్క సంగతి. ఈ విషయం తెలిసి మీలో కొందరు నాకు ఫోన్ చేసి, నెట్‌లో దొరికిన పొడుగాటి మంత్రాలు చదివి వినిపించారు. ఏసీపీఐ ఆఫ్, నో ఏపిక్, ఇంకా ఏవేవో, అన్నీ కలిపి ఒకే వరసలో. డాక్టరు పది మందికి రాసిన చీటీలన్నీ పోగేసి ఒక్కడే మింగినట్టు ఉంటుంది అది. ఏసీపీఐని ఆపేస్తే కంప్యూటర్ ఎక్కవచ్చు, ఎక్కి ఒకే కోరు మీద నడవవచ్చు, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఎంతుందో చెప్పదు, షట్‌డౌన్ అంటే ఆరదు. అది పరీక్ష కోసం ఒకసారి వాడి చూసే మాట, వేసుకుని వదిలేసేది కాదు. అలాగే మన సభ్యుడొకరు బడికి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ చక్కగా వచ్చింది, డిస్కే కనిపించలేదు. ఫర్మ్‌వేర్‌లో డిస్కు అమరిక రెయిడ్ పద్ధతిలో ఉంది, ఏహెచ్‌సీఐకి మార్చితే కనిపించింది. ఇది విని ఇంటికి వెళ్లి మీ ల్యాప్‌టాప్‌లో మార్చకండి. అందులో ఇప్పటికే విండోస్ ఉంటే, ఆ ఒక్క మార్పుతో అది లేవకపోవచ్చు, డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే రికవరీ తాళంచెవి అడుగుతుంది. ముందు ఫైళ్లు వేరేచోట దాచుకుని, ఆ తాళంచెవి రాసిపెట్టుకుని అప్పుడు చెయ్యండి.

ఇవాళ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో రెండు అంశాలు ఉన్నాయి. నా ఓటు ఎటో ఇప్పుడే చెబుతాను. ఒకటి, కంప్యూటర్ టీచరు గౌరవ వేతనం ఇంకో ఏడాది పొడిగించాలా అన్నది. ఆవిడ రాసిన రికార్డు పుస్తకం కంప్యూటర్ గదిలో మొదటి బల్ల సొరుగులో ఉంది. చెయ్యెత్తేముందు ఒకసారి తిరగేయండి. 41 పేజీలు, ఒక్క పరిశీలన గడి కూడా ఊహించి నింపింది లేదు. నేను ముప్పై ఏళ్లుగా సర్వర్ల దగ్గర పని చేస్తున్నాను, ఇంత శుభ్రమైన రికార్డు నా దగ్గర పని చేసిన ఇంజనీర్లలో కొద్దిమందే రాశారు. పొడిగించడం కాదు, పెంచాలని నా సవరణ.

రెండోది, వచ్చే ఏడాది ఇంకో 10 కంప్యూటర్ల కొనుగోలు. కొనేముందు ఒక్క కంప్యూటర్‌ను షాపులోనే మన పెన్‌డ్రైవ్‌తో ఎక్కించి చూడాలి, ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, 'ట్రై' అన్న వరసతో పది నిమిషాలు చాలు. తెర, శబ్దం, వైఫై, నిద్రపుచ్చి లేపడం, ఈ నాలుగూ చూసి అప్పుడు అడ్వాన్సు ఇవ్వాలి. దీనికి టీచరమ్మతోపాటు ఇంకొకరు వెళ్లాలని తీర్మానంలో రాయండి. ఆ ఇంకొకరు ఎవరన్నది కూడా నేను సూచిస్తాను. పెన్‌డ్రైవ్ లైటు చూసిన పాప ఇప్పుడు పదో తరగతి పూర్తి చేసింది, అటువైపు మంచినీళ్లు అందిస్తున్న వాలంటీర్లలో ఉంది. వాళ్ల నాన్నగారిని ఇందాకే అడిగాను, పంపుతానన్నారు.

భోజనాల తర్వాత కంప్యూటర్ గది తెరిచే ఉంటుంది.